మా నాన్న జీపులో ఘాటు

జీపు పుట్టింది అమెరికాలో, సైన్యం కోసం. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మన దేశంలోనూ తయారుచెయ్యడం మొదలుపెట్టారు. బురదకూ గుట్టకూ జంకని బండి కావడంతో సర్కారు ఆఫీసుల్లో చేరింది. అక్కడ అధికారులను మోసి మోసి ముసలిదై వేలానికొస్తే, మా నాన్న ఒకదాన్ని ఒంగోలు నుంచి తోలుకొచ్చాడు. పెట్రోలు ఇంజను పీకించి డీజిలుది పెట్టించాడు. వెనక సీట్లను ఎదురెదురు బల్లలుగా మార్పించి, మధ్యలో మిరపకాయల బస్తాలు వేసేవాడు. కన్న అమెరికా వాళ్ళు ఎదురొచ్చినా దాన్ని గుర్తుపట్టరు.

నా పెళ్ళి మా ఊళ్ళోనే, మిరపకాయలు కల్లాల్లో ఆరే రోజుల్లో జరిగింది. మా ఆయనది కొత్తపట్నం దగ్గర, సముద్రం ఒడ్డు ఊరు. దీపాలు పెట్టేలోగా నేను అత్తవారి గడప తొక్కాలని పెద్దలు చెప్పారు. మధ్యాహ్నం అకాల వాన దంచింది. పూలతో అలంకరించిన కారు ఊరి చివర నల్లరేగడిలో ఇరుసుదాకా దిగబడింది. మొదటి రోజే ఆలస్యమైన కోడలని జీవితాంతం చెప్పుకుంటారు. కల్లంలో కాయలకు పట్టాలు కప్పొచ్చిన నాన్న జీపు తీశాడు.

ముందురోజు దాకా అందులో తోలింది మిరపకాయలే. కడగాలని ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. ఆ ఘాటు మా ముక్కులకు ఎప్పుడో అలవాటైపోయింది. సముద్రపు గాలికి పెరిగిన మనిషి సంగతి వేరు. మేం ఎక్కాక వానకని పరదాలు దించగానే మా ఆయనకు తుమ్ములు, ఆ వెంటనే కళ్ళ వెంట ధారలు. సాగనంపడానికి వచ్చిన ఆడవాళ్ళు నా ఏడుపు కోసం చూస్తుంటే, ఆయన ఊపిరాడక వెక్కుతున్నారు.

"ఇదేందే, అప్పగింతలకి అల్లుడు ఏడుస్తున్నాడు?" అంది మా మేనత్త.

నాకు నవ్వాగలేదు. ఏడవాల్సిన చోట నవ్వుతూ పుట్టిల్లు దాటాను.

నాన్న నాలుగు చక్రాలూ కలిసి లాగే గేరు వేసి నెమ్మదిగా నడిపాడు. రేగడిలో తొందరపడితే చక్రం తన గుంట తనే తవ్వుకుంటుంది. తారురోడ్డు ఎక్కాక ముందున్న అద్దంలో చూశాను. నాన్న కూడా తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఘాటు తల్లీ," అన్నాడు, నేను అడక్కముందే.

దీపాలకు ముందే చేరాం. మా అత్తగారు కొడుకు ఎర్రటి కళ్ళు చూసి కంగారుపడింది కానీ, సంగతి విని ఆవిడా నవ్వింది.

జీపు ఇప్పటికీ నడుస్తోంది. ఏటా మిరపకోతలకు వెళ్తాం. మా ఆయన అందులో ఎక్కి తుమ్ముతారు, నాన్న పగలబడి నవ్వుతాడు. పుట్టిందగ్గర్నుంచీ మిరప కల్లాల్లో తిరిగిన మనిషి. ఘాటుకు నాన్న కంట నీరు రావడం నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.