అమ్మ ఒక్కపొద్దు

ఒక్కపొద్దు అనే మాట మీద మా అమ్మకూ నాకూ పెద్ద వాదమే జరిగింది. తప్పు నాదే. తెలుగు పంతులును కదా, అర్థాలు చెప్పకుండా నోరు ఊరుకోదు.

అమ్మకు షుగర్. అయినా నలభై ఏళ్లుగా శనివారం చీకటి పడేదాకా ఏమీ తినదు. ఆ మధ్య ఒక శనివారం వంటింట్లో కళ్లు తిరిగి పడిపోయింది. ఇబ్రహీంపట్నం దవాఖానలో డాక్టరమ్మ, తినకుండా గోలీ వేసుకోవద్దని గట్టిగా చెప్పింది. అమ్మ వింటేనా! "పానం బోయినా నా ఒక్కపొద్దు ఇడువ" అంది. నాకు భయమూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"నీ ఒక్కపొద్దు నేనుంట. నువ్వు తిను" అనేశాను. గంటకో చాయ్ పడకపోతే నిలవలేని మనిషిని.

"నువ్వా?" అని పడీపడీ నవ్వింది. కానీ ఒప్పుకుంది.

శనివారం పదకొండింటికే కడుపులో ఎలుకలు పరుగెత్తాయి. వెంటనే పాండిత్యం బయటికి తీశాను.

"అమ్మా, పొద్దంటే పూట. ఒక్క పూట తినుడే ఒక్కపొద్దు. గా ఒక్క పూట పగటీలి తింటే ఏమాయె?"

"పొద్దంటే సూర్యుడు గాదుర? పొద్దు పొడుస్తది, పొద్దు గూకుతది. పూట యాడనన్న పొడుస్తదా?"

సూర్యుడి పేరే పోనుపోను రోజుకూ పూటకూ వచ్చిందని చెప్పబోయాను. అమ్మ చెవిన వేసుకోలేదు. బట్టలు కుట్టే పక్కింటి చెల్లె జాకెట్టు ఇవ్వడానికి వచ్చింది. రంజాన్ నెల, ఆమెదీ ఉపవాసమే. తీర్పు ఆమెనే అడిగాను.

"మాది గూడ ఒక్కపొద్దే గదన్నా. పొద్దు గూకినంకనే. మేమైతే నీళ్లు గూడ ముట్టం. జర సబర్ చెయ్, ఓపిక వట్టు" అంది. కేసు పోయింది.

పొద్దున ఎలాగో ఒక ఇడ్లీ మింగిన అమ్మకు, మధ్యాహ్నం నేనే జొన్నరొట్టె, తోటకూర పెట్టాను. ఎవరైనా చూస్తారేమో అన్నట్టు తల దించుకుని తింది. గోలీ వేసుకుంది. శనివారం పగలు అమ్మ తినగా చూడటం నాకదే మొదలు. ఎంత ఆకలిగా ఉన్నా సంతోషం పట్టలేకపోయాను.

పొద్దు గూకింది. అజాన్ వినగానే పక్కింటి చెల్లె ఖర్జూరాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. అప్పటికే రెండు పూటలు తిన్న అమ్మ, మూడో పూటకు నా పక్కనే కంచం పెట్టుకుంది. నేను తలెత్తకుండా మింగుతున్నాను.

అమ్మ కాళ్లు చాపుకుని హాయిగా అంది: "ఇన్నేండ్లల్ల ఇయ్యాల్టి ఒక్కపొద్దే మస్తు అల్కగ, ఆకలే తెల్వకుంట ఎల్లింది, బిడ్డా."