బాపు నేసిన రెండు బడులు

మా చిన్నప్పుడు ఆదివారం వస్తే బడికి సెలవు గానీ రాట్నానికి సెలవు లేదు... నల్లగొండ దిక్కు మాది నేతోళ్ల ఊరు. పొద్దున్నే బాపు మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చునేవాడు. అమ్మ మేకుల చుట్టూ నూలు తిప్పుతూ ఆసు పోసేది. నేను ఓ మూలన రాట్నం తిప్పుతూ కండెలకు నూలు చుట్టేదాన్ని. అవ్వ గడపలో కూర్చుని అందరి మీదా అజమాయిషీ చేసేది.

తెలంగాణ వచ్చిన కొత్తలు. నేను ఐదో తరగతి. ఇన్నేళ్లకు ఒక నిజం ఒప్పుకుంటున్నా... నాకు అప్పటికి చదవడం రాదు! పక్క పిల్ల చదువుతుంటే విని పాఠమంతా నోటికి పట్టేసేదాన్ని. సారు లేపితే పుస్తకం మీద వేలు జరుపుకుంటూ గడగడా అప్పజెప్పేదాన్ని. మధ్యలో ఒక ముక్క చూపించి ఇదేందని అడిగితే మాత్రం బిక్కమొహం.

ఈ సంగతి ఇంట్లో కనిపెట్టింది అవ్వ ఒక్కతే. మా ఊళ్లో బడి ఐదో తరగతి వరకే, ఆరుకు బస్సెక్కి మండలం పోవాలి. "సదువు రాని పిల్లకు బస్సెందుకురా? ఆసు కాడ కూసోబెట్టు, తల్లికి ఆసరైతది" అని బాపుతో రోజూ పాడిందే పాట. బాపు అవుననేవాడు కాదు, కాదనేవాడు కాదు. ఆసంటే మాటలా... ఒక్క చీరకు వేలసార్లు చేతిని అటూ ఇటూ తిప్పాలి. సాయంత్రం అమ్మ భుజానికి నూనె రాసేది నేనే కదా, నాకు తెలుసు.

అదే ఏడాది డిగ్రీ కాలేజీ పిల్లలు ఆరేడుగురు ప్రతి ఆదివారం మా ఊరికి రావడం మొదలుపెట్టారు. జీతం లేదు, ఏమీ లేదు. కథల పుస్తకాల సంచులతో బస్సు దిగి, ఖాళీగా ఉన్న నేత సంఘం షెడ్డులో చాపలు పరిచి పిల్లలను పిలిచేవారు. నేను పోలేదు. కండెలున్నాయని చెప్పా... అసలు భయం అక్కడ దొరికిపోతానని.

అప్పుడు వాళ్లలో ఒకామె, స్వప్నక్క, మా ఇంటికే వచ్చింది. నా పక్కన కూర్చుని "జర నేను తిప్పుతా" అని రాట్నం అందుకుంది... మూడుసార్లు పోగు తెంపింది. అవ్వ మూతి తిప్పుకుంది. అయినా అక్క తరువాతి ఆదివారం మళ్లీ వచ్చింది.

ఆ రోజు నా పక్కన బాపు డిజైన్ కాగితం ఉంది. గళ్ల కాగితం. నూలుకు ఎక్కడ ముడి కట్టాలో, ఎక్కడ వదలాలో ఆ గళ్లలోనే ఉంటుంది. కట్టిన చోట రంగు అంటుకోదు, తెల్లగా మిగులుతుంది. "ఇది నీకు తెలుస్తదా?" అంది అక్క. మూడు గళ్లు కట్టు, రెండు వదులు అంటూ టకటకా చెప్పేశా. అక్క వెంటనే పెన్సిలు తీసి ఆ కాగితం చివర కొన్ని గళ్లు నింపింది.

"గిది 'బ'. ఇదొక డిజైన్ అనుకో, అంతే."

అక్షరాలంటే పారిపోయేదాన్ని డిజైన్లనేసరికి కూర్చున్నా! వారానికి నాలుగైదు అక్షరాలు. తరువాత మాటలు... తరువాత కుందేలు కథ. అక్క ముందు కూడబలుక్కుని చదివేదాన్ని. అవ్వో బాపో వింటుంటే మాత్రం పుస్తకం మూసేసేదాన్ని.

ఎండలు ముదిరే వేళకు అక్కవాళ్లకు పరీక్షలు వచ్చాయి, ఇక రారు. చివరి ఆదివారానికి షెడ్డు తలుపుకు పరదా నేసిస్తానన్నాడు బాపు. అక్కతో గళ్ల కాగితం మీద 'బడి' అని రాయించుకున్నాడు. బాపుకు అక్షరం ముక్క రాదు. గళ్లు చూసుకుంటూ, ఎప్పటిలాగే నూలును మడతపెట్టి ముడులు కట్టాడు. మడతపెట్టి సగం బొమ్మ కడితే చాలు, రెండో సగం అద్దంలో బొమ్మలాగా దానంతటదే వస్తుంది. ఏనుగుకైనా, నెమలికైనా మా దగ్గర అదే పద్ధతి...

ఆ ఆదివారం వాడంతా షెడ్డులోనే. బాపు పరదా విప్పాడు. ఎర్రటి బట్ట మీద తెల్లగా రెండు 'బడి'లు, ఎదురెదురుగా. "మస్తు కుదిరింది!" అన్నారు నేతోళ్లందరూ. అక్కవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని చప్పట్లు కొట్టారు. పాపం, చెప్పడానికి మనసు రాలేదు.

నా నోరు ఆగుతుందా!

"బాపూ, గీ దిక్కుది తిరగబడ్డది... గిది బడి కాదు!"

బాపు మొహం చిన్నబోయింది. "నీకెట్ల తెల్సు బిడ్డా?" అన్నాడు. సరిగ్గా ఉన్న వైపు వేలు పెట్టి "బ... డి..." అని చదివా. స్వప్నక్క గబగబా సంచిలోంచి నేనెప్పుడూ చూడని పుస్తకం తీసి చేతికిచ్చింది. తడబడుతూనే ఒక పేజీ చదివా. ఎవరి దగ్గరా విన్నది కాదు.

బాపు అవ్వ వైపు తిరిగాడు. "అమ్మా, నేను నేసిన దాంట్ల నా బిడ్డ తప్పు పట్టింది. బస్సు పాసు తీపిస్తున్న." ఆయన కళ్లు తడిశాయి. తప్పు చేసినందుకు అంత సంబరపడ్డ మనిషిని నేను మళ్లీ చూడలేదు. అవ్వేమో "తీపియ్యి... ఎవలు వద్దన్నరు?" అంది, తనకేం తెలియనట్టు!

ఇప్పుడు మా వాడలో మగ్గాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆసుకు మిషన్ వచ్చి అమ్మ భుజం బతికింది. సంఘం షెడ్డుకు తాళం, దాని పరదా నా దగ్గరే. నేను బీఈడీ చదువుతూ, ఆదివారాలు దోస్తులతో కలిసి పక్క ఊరి పిల్లల దగ్గరికి పోతున్నా. వాళ్లు ఫోన్లో బొమ్మలు చకచకా జరుపుతారు... అక్షరం దగ్గరికొస్తే నాలాగే బిక్కమొహం. బాపు పరదా గోడకు కట్టి, దాని గురించి ఏమీ చెప్పకుండా ఊరుకుంటా.

స్వప్నక్క ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. మీకూ ఇట్లా ఊరికే వచ్చి అక్షరం దిద్దించిన అక్కలు, అన్నలు ఉండే ఉంటారు... ఒక్కసారి వాళ్ల పేర్లు ఇక్కడ రాసి తలుచుకోండి, వాళ్ల కంట పడుతుందేమో.

పోయిన ఆదివారం ఒక చిన్నపిల్ల లేచి, పరదా వైపు చెయ్యి చాపి "అక్కా, గిది తిరగబడ్డది!" అంది. బయటికొచ్చి వెంటనే ఇంటికి ఫోన్ చేశా...

"బాపూ, ఇయ్యాల ఇంకో పిల్ల నీ తప్పు పట్టింది."