వాల్వుల డబ్బా

మా ఆయన మెకానిక్. నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీద మాకొక షెడ్డు ఉండేది. ఇంజను చప్పుడు విని రోగం చెప్పేవాడు. వచ్చిన ప్రతి బండి తిరిగిన కిలోమీటర్లు, తాగిన పెట్రోలు తారీఖు వేసి రాయడం నా పని.

2003 ఏప్రిల్‌లో బోధన్ నుంచి రిటైరైన సారు ఒకాయన పాత కారు కొని తెచ్చాడు. దానికి కార్బురేటర్ లేదు. పెట్రోలు ఎంత పొయ్యాలో లోపలి కంప్యూటర్ చూసుకునే రకం. ఇంజను వేడెక్కేదాకా రేడియేటర్ నీళ్లను ఆపే చిన్న వాల్వు ఒకటి ఉంటుంది. ఎండలకు బండి మరగకూడదని మా ఆయన దాన్ని పీకి డబ్బాలో వేశాడు. చెరుకు తోలే లారీలన్నిటికీ ఆయన చేసేది అదే. డబ్బాలో అది నలభై మూడోది.

అప్పుడు 352 కిలోమీటర్లకు ఇరవై రెండు లీటర్లు. డిసెంబర్‌లో అంతే దూరానికి ముప్పై రెండు. సారు వచ్చి అడిగాడు.

"ఇంజన్ల ఏం లేదు సార్. చప్పుడు పాలలెక్క ఉన్నది. బంకోడు దొంగ, కల్తీ కలుపుతుండు," అన్నాడు మా ఆయన.

సారు ఆ మాట నమ్మి, నలుగురి ముందు బంకువాడితో పోట్లాడి వచ్చాడు. ఆ బంకు మా వీధి మొదట్లోదే.

జనవరిలో సారు కారు వదిలి వెళ్లిన రోజు పుస్తకం ఆయన ముందు పెట్టాను.

"మే నెలల ఒక్క లీటరే ఎక్కువ తాగింది. చలి పడ్డకొద్దీ పెరిగింది. బంకోడు చలికాలంలనే మోసం జేస్తడా?"

"లెక్కలు నువ్వు సూస్కో. ఇంజన్ నాకిడువు."

"కార్ల పెట్టిన బుక్కుల రాసిండ్రు. ఇంజన్ సల్లగున్నన్ని రోజులు కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తదట."

"అంటే?"

"పొద్దుగాల స్కూటర్ చోక్ గుంజి మర్సిపోయినట్టు."

ఆయన కారు తీసుకుని వర్ని దారిలో ఇరవై కిలోమీటర్లు పోయి వచ్చాడు. బానెట్ ఎత్తి రేడియేటర్ పైపు పట్టుకున్నాడు. చెయ్యి కాలాల్సిన పైపు గోరువెచ్చగా ఉంది. వాల్వు లేక ఇంజను వేడెక్కడమే లేదు. చాలాసేపు అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.

డబ్బాలోంచి సారు వాల్వు వెతికి తీసి బిగించాడు. వారం తిరిగేసరికి మళ్లీ ఇరవై రెండు లీటర్లే. సారు సంతోషించాడు.

"మరి బంకాయనకు ఏం చెప్పాలె?" అని మాత్రం అడిగాడు.

మా ఆయన గుడ్డ తీసుకుని బానెట్ తుడవసాగాడు.

సాయంత్రం అన్నం ముందు కూర్చుని, "నాకేం ఇనవడలేదే," అన్నాడు. "ముప్పై ఏండ్లు ఇన్న చెవి. అంత పెట్రోల్ ఉత్తగ కాలుతుంటె ఒక్క చప్పుడు తేడా ఇనవడలే." సగం తిని లేచాడు.

నవంబర్‌లోనే నాకు అనుమానం వచ్చింది. ఆయనే కనిపెడతాడని రెండు నెలలు ఆగాను. పోట్లాట ఆ మధ్యలోనే జరిగింది. అది నా తప్పు.

ఆ తర్వాత కంప్యూటర్ బండి వస్తే చేతకాదని పంపేసేవాడు. రెండేళ్లలో షెడ్డు మూసేశాం. బంకువాడికి ఆయన ఏమీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. మా స్కూటర్‌కు పెట్రోలు పోయించడానికి మాత్రం రెండు కిలోమీటర్లు ఎక్కువ పోయి ఇంకో బంకుకు వెళ్లేవాడు. ఆ రెండు కిలోమీటర్లూ నా పుస్తకంలో ఉన్నాయి, తారీఖులతో.