రంజాన్ నెలలో నేలవేము

పొద్దున్నే నేలవేము సారం పొడి ఉన్న డ్రమ్ము మూత తీశానో లేదో, చేదు వాసన ముక్కులోకి ఎక్కింది. క్యాప్సూల్ గుటుక్కున మింగేసేవాళ్లకు ఈ బాధ లేదు, అదృష్టవంతులు. దాన్ని తయారుచేసే మాకు మాత్రం ఆ అదృష్టం లేకుండా చేసింది నసీమా మేడమ్.

మంగళగిరి దారిలో ఉన్న మా చిన్న యూనిట్లో మందుమొక్కల సారాలతో క్యాప్సూళ్లు చేస్తాం. చల్లపల్లి నుంచి కొత్తగా వచ్చిన నాకు ఆవిడే మొదటి బాస్. ఒక్కచోట నిలబడే మనిషి కాదు, మాట్లాడుతూనే గదంతా తిరిగేవారు. సప్లయరు రిపోర్టు ఎంత బాగున్నా, కొత్త డ్రమ్ములోంచి చిటికెడు పొడి నాలుక మీద వేసుకోనిదే క్యాప్సూళ్లలో నింపనిచ్చేవారు కాదు. రంజాన్ నెలలో మాత్రం పగలంతా ఉపవాసం. "రుచి చూసి ఉమ్మేస్తే తప్పులేదంటారు కొందరు. నాకే మనసొప్పదు. ఈ నెల్లాళ్లూ నువ్వు చూడమ్మా సుజాతా" అన్నారు. చేదంటే చేదేగా, చూసేదేముంది నా మొహం, అనుకున్నాను.

ఆ వారమే పెద్ద ఆర్డరు. ఇవాళే నింపడం మొదలవ్వాలని ఓనరు గారు ఫోను మీద ఫోను. నేను పొడి నాలుక మీద వేసుకున్నాను.

"ఏమైంది, మొహం అలా పెట్టావు?"

"చేదుగానే ఉంది మేడమ్. కానీ నిలవట్లేదు. చివర్లో పిండి నాకినట్టుంది."

"చేదు గొంతుదాకా వెళ్లిందా?"

"లేదండీ. నేను కొత్తదాన్ని కదా, పొరపాటు పడ్డానేమో."

ఆవిడ గదిలో ఒక చుట్టు తిరిగి ఫోను తీశారు. "నింపడం ఆపేశానండీ. శాంపిల్ బయటి ల్యాబుకి పంపిస్తున్నా. ఆర్డరు పోతే పూచీ నాది." అవతలి అరుపులు నాకూ వినిపించాయి. నా నాలుక తప్పయితే ఊడేది ఆవిడ ఉద్యోగం!

సాయంత్రం దాకా కాలుకాలిన పిల్లిలా తిరిగాను. ఉపవాసం విడిచే వేళకి మసీదు నుంచి అజాన్ వినిపించింది. మేడమ్ ఖర్జూరం తిని, నీళ్లు తాగారు. అందుకోసమే కాచుకున్న నేను, పొడి ఉన్న చెంచాతో ఎదురుగా నిలబడ్డాను.

"మీరూ ఒక్కసారి చూడండి మేడమ్, మీకు దండం పెడతా."

"నువ్వు చూశావుగా. మళ్లీ నేనెందుకు?" అని నా చేతిలో ఒక ఖర్జూరం పెట్టారు. "తిను. పొద్దుట్నించి నువ్వూ ఏం తిన్నట్టు లేవు."

నాకు ఏడుపొచ్చింది. తర్వాత ల్యాబు రిపోర్టు వచ్చింది, పొడిలో పిండి కలిపారట. డ్రమ్ములు వెనక్కి పోయాయి. ఓనరు గారు నన్ను పిలిచి మెచ్చుకున్నారు కూడా. ఆ మెచ్చుకోలు అప్పుడే మరిచిపోయాను.

మేడమ్ రిటైరయ్యాక ఆ కుర్చీ నాకొచ్చింది. ఇప్పుడు మొదట రుచి చూసేది గుణదల నుంచి వచ్చే మేరీ. "ఇది తేడాగా ఉంది మేడమ్" అంటే వెంటనే నింపడం ఆపిస్తాను. కానీ మేరీ అటు భోజనానికి వెళ్లిందో లేదో, నా చెయ్యి చెంచా మీదికి పోతుంది. ఎప్పుడు చూసినా ఆ పిల్ల చెప్పిందే నిజం. అయినా చూస్తాను. రుచి చూడటం నసీమా మేడమ్ దగ్గర బాగానే నేర్చుకున్నాను. చూడకుండా ఉండటమే ఇంకా చేతకావడం లేదు.