రేకు గొంతు రిసీవరు

1985 జూలైలో గుంటూరులోని ఒక ట్రస్టు వారి చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిలో నేను ఆడియాలజిస్టుగా చేరాను. ఆడియాలజిస్టు అంటే చెవి డాక్టరు కాదు. మందు రాసేది, ఆపరేషన్ చేసేది డాక్టరు. చెవికి ఎంత వినిపిస్తోందో కొలిచి, మందుతో బాగుపడని చెవికి మిషను అమర్చేది మేము. ఆ తేడా ఎంత చెప్పినా ఎవరికీ తలకెక్కేది కాదు. మా ఇంటి ఓనరు గారైతే చివరిదాకా నన్ను "చెవుల డాక్టరమ్మ" అనే పిలిచారు.

హోదాలో నా పైన చీఫ్ డాక్టరు గారు, నాకు సాయంగా సుశీల అనే నర్సు ఉండేవారు. నా రాజ్యమంతా ఒక గది, ఆ గదిలో మరో చిన్న గది. లోపలి గదికి రెండు పొరల గోడలు, మందపాటి తలుపు, మధ్యలో అద్దాల కిటికీ. పేషెంటు లోపల కూర్చుంటాడు. నేను కిటికీ ఇవతల వినికిడి కొలిచే ఆడియోమీటరు ముందు కూర్చుని మైకులో మాట్లాడతాను. మిరప యార్డుకు పోయే లారీల హారన్లను ఆ గోడలు ఆపేవి గాని, మిరప ఘాటును ఆపలేకపోయేవి. పరీక్ష మధ్యలో పేషెంటు తుమ్మితే మళ్ళీ మొదటికి రావాల్సిందే.

ఆ ఏడాది అక్టోబరులో దేవదానం గారు వచ్చారు. ఊరి బయట ఒక జిన్నింగు మిల్లులో మేస్త్రీ. పత్తి నుంచి గింజను వేరు చేసే మిషన్లను జిన్నులంటారు. ఆ మిల్లులో అవి పదహారు. వాటిని విప్పి, బిగించి, సీజనంతా నడిపించే బాధ్యత ఆయనది. యాభై రెండేళ్ళు, తెల్ల చొక్కా, జేబులో చిన్న బైబిలు, గోళ్ళ కింద ఎన్నేళ్ళు కడిగినా పోని గ్రీజు. ముప్ఫై ఏళ్ళు ఆ హోరులో పనిచేసి రెండు చెవులూ సగానికి పైగా పోగొట్టుకున్నారు. మిల్లు షావుకారు గారు ఆయనకు ఒకే మాట చెప్పారట. చెవి మిషను పెట్టుకుని, బాగా వినిపిస్తోందని ఆసుపత్రి నుంచి సర్టిఫికెట్ తేవాలి. సీజను మొదలయ్యేలోపు తేకపోతే గేటు దగ్గర వాచ్‌మన్ పని.

ఆడియోగ్రాము తీశాను. ఏ శ్రుతి శబ్దం ఎంత గట్టిగా ఉంటే వినిపిస్తుందో చూపించే గీత అది. ఆయన గీత బొంగురు శబ్దాల దగ్గర ఫరవాలేదు, కీచు శబ్దాల దగ్గరికి వచ్చేసరికి నూతిలోకి దిగినట్టు దిగిపోయింది. హోరులో పనిచేసేవాళ్ళందరిదీ అదే తీరు. పాకెట్ మోడల్ మిషను ఒకటి పెట్టాను. ఆ రోజుల్లో ఎక్కువ మంది వాడింది అదే. రెండు అగ్గిపెట్టెలంత డబ్బా జేబులో ఉంటుంది, దాన్నుంచి తీగ, తీగ చివర చొక్కా గుండీ అంత రిసీవరు. చెవి అచ్చు తీసి చేసిన మోల్డుకు ఆ గుండీని నొక్కితే టక్కున అతుక్కుంటుంది.

ఆ తర్వాత మాటల పరీక్ష. ఇరవై అయిదు మాటలు చదివితే ఇరవై మూడు తిప్పి చెప్పారు. అలాంటి చెవికి అంత మంచి ఫలితం నేను అంతకుముందు చూడలేదు. నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు. చేరి మూడు నెలలే అయింది మరి. వెంటనే లెటర్‌హెడ్ తీసి సర్టిఫికెట్ రాయడం మొదలుపెట్టాను. సంతకం ఒక్కటే మిగిలింది.

దేవదానం గారు గదిలోంచి బయటికి వచ్చి బల్ల మీద ఆ కాగితం చూశారు. దాని మీద చెయ్యి పెట్టారు.

"వద్దండి మేడం. సంతకం పెట్టమాకండి. మీరన్న మాటలు నేను వినలేదు, చూసి చెప్పా."

నాకు అర్థం కాలేదు. ఆయన నిదానంగా చెప్పారు. జిన్నులు నడిచేటప్పుడు మిల్లులో పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. అందుకని అక్కడ అందరూ పెదాలు చూసే మాట్లాడుకుంటారు. పత్తి వేసే ఆడవాళ్ళు ఆ చివర నుంచి ఈ చివరకు ఇంటి సంగతులన్నీ చెప్పుకుంటారట, గొంతు లేకుండా. నేను నమ్మలేదని ముఖం చూస్తేనే తెలిసినట్టుంది. సిగ్గుపడుతూ ఇంకొకటి కూడా చెప్పారు. మైకు ఆపేసి సుశీల సిస్టర్‌తో నేను చీఫ్ గారి కోపం గురించి అన్నదంతా తనకు అద్దంలోంచి తెలిసిందట. నేను అన్న మాటలు పొల్లుపోకుండా అప్పజెప్పారు. సుశీల సిస్టర్ నవ్వాపుకోలేక పక్క గదిలోకి వెళ్ళిపోయింది. నాకు మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మాటల పరీక్ష చేసేటప్పుడు నోటికి అట్ట అడ్డం పెట్టుకోవాలన్నది మాకు మొదటి నెలలోనే నేర్పే నియమం. పుట్టు చెవుడు పిల్లల దగ్గర నేను దాన్ని ఒక్కసారి కూడా తప్పలేదు. పెద్ద వయసులో వినికిడి పోయిన మనిషికి పెదాలు చదవడం ఎక్కడ వస్తుందిలే అనుకున్నాను. అది నా తప్పే. కేసు షీటు అట్టను నోటికి అడ్డం పెట్టుకుని మళ్ళీ చదివాను. ఈసారి ఇరవై అయిదులో పదకొండు.

ఉద్యోగం నిలబెట్టే కాగితాన్ని చేతులారా ఎందుకు ఆపారని అడిగాను.

"ఆ కాగితం చూసి షావుకారు గారు నన్ను మిషన్ల మధ్యకి పంపిస్తారండి. బేరింగు ఎండిపోయి కీచుమంటే నేను పట్టుకోవాలి. పట్టుకోలేదనుకోండి, నిప్పు పుట్టుద్ది. పత్తికి మీ కాగితం చదవటం రాదు గదా."

బేరింగు అంటే ఇరుసు తిరిగే చోట ఉండే ఉక్కు గుళ్ళ చట్రం. అందులో గ్రీజు ఎండితే రాపిడి, రాపిడితో వేడి, చుట్టూ దూది. రెండేళ్ళ కిందట పక్క మిల్లు అలాగే సగం కాలిపోయిందట. రెండు నెలల నుంచి తన చెవికి ఆ కీచు అందడం లేదని, స్క్రూడ్రైవరు మొన బేరింగుకు ఆనించి పిడి చెవి వెనక పెట్టుకున్నా తెలియడం లేదని చెప్పారు. అందుకే మిషను కోసం వచ్చారు. నేనేమో ఆయనకు మాటలు వినిపించే పనిలో ఉన్నాను.

"మాటలదేముందండి, కళ్ళతో వింటా. జిన్నుకి నోరు లేదు గదా. దాన్ని చెవితోనే వినాలి."

ఆ మాటతో నాకు ఒక్కసారిగా ఒళ్ళంతా ఉత్సాహం వచ్చింది. చదువుకున్న పుస్తకాలన్నీ మనిషి గొంతు ఎలా వినిపించాలో చెప్పాయి. బేరింగు గొంతు ఎలా వినిపించాలో ఒక్కటీ చెప్పలేదు. ఆ రాత్రి భోజనం చేస్తున్నా అదే ఆలోచన.

మర్నాడు చీఫ్ గారి దగ్గర సగం రోజు సెలవు అడిగాను. పత్తి మిల్లులో ఆడియాలజిస్టుకు ఏం పని అని విసుక్కున్నారు గాని సెలవిచ్చారు. ఆసుపత్రి క్యాసెట్ రికార్డరు చంకన పెట్టుకుని మిల్లుకు వెళ్ళాను. దేవదానం గారు తన కొట్టులోంచి ఒక రేకు పెట్టె తెచ్చారు. అందులో ఆయన సర్వీసులో పాడైన బేరింగులన్నీ గుడ్డలో చుట్టి దాచి ఉన్నాయి. ఎండిపోయినది ఒకటి తీసి జిన్నుకు బిగించి నడిపారు, తర్వాత మంచిది బిగించి నడిపారు. రెండింటినీ రికార్డు చేశాను. నా చెవికి తేడా స్పష్టంగా తెలుస్తోంది. మోత అడుగున సన్నని కీచు.

ఆ టేపును ఆసుపత్రిలో గది లోపలి స్పీకరుకు కలిపాను. ఏది మంచిదో ఏది చెడ్డదో ముందుగా చెప్పకుండా పదిసార్లు వినిపించాలి, ఆయన చెప్పాలి. మొదట ఆసుపత్రిలో ఉన్న వాటన్నిటిలో ఖరీదైన మిషను, చెవి వెనక పెట్టుకునే విదేశీ రకం పెట్టాను. దాని ధర ఆయన ఏడాది జీతంలో సగం ఉంటుంది. అయినా ఏది పనికొస్తుందో ముందు తెలియాలి కదా. మాటలు బ్రహ్మాండంగా ఉన్నాయన్నారు, చర్చిలో మైకు విన్నట్టు గుండ్రంగా. జిన్ను దగ్గరికి వచ్చేసరికి పదిలో అయిదే సరిగ్గా చెప్పారు. అది గుడ్డిగా చెప్పినా వచ్చే లెక్క.

కారణం ఆలోచిస్తే దొరికింది. ఖరీదైన మిషనులో శబ్దం పెరగగానే తనంతట తాను తగ్గించుకునే ఏర్పాటు ఉంటుంది. చెవిని కాపాడేందుకు మంచిదే. కాని జిన్ను దబదబలకు అది తగ్గిపోతోంది, దాంతోపాటు కీచూ తగ్గిపోతోంది. ఇలాంటి సౌకర్యం లేని మామూలు పాకెట్ మోడలే ఇక్కడ నయం. దాని మీద టోన్ స్విచ్చి ఉంటుంది. ఒక వైపు జరిపితే అన్ని శబ్దాలూ వస్తాయి, రెండో వైపు జరిపితే బొంగురు తగ్గి సన్నని శబ్దాలు మిగులుతాయి. సన్నని వైపు జరిపాను. పదిలో ఏడు.

మిగిలింది రిసీవరు. డబ్బా ఒకటే అయినా చివరి గుండీ మారిస్తే వినిపించే తీరే మారిపోతుంది. ఈ సంగతి కొనేవాళ్ళకు తెలియదు, అమ్మేవాళ్ళు చెప్పరు. నా సొరుగులో నాలుగు రకాలు ఉన్నాయి. మూడింటిని దేవదానం గారు తన మాటల్లోనే తేల్చేశారు. ఒకటి గోనె సంచిలోంచి మాట్లాడినట్టుందన్నారు. ఇంకొకటి మంచిదే గాని మోత ఎక్కువన్నారు. మూడోదానికి తల అడ్డంగా ఊపారు. నాలుగోది పెట్టడానికి నాకే మనసొప్పలేదు. పెట్టుకున్న ప్రతి పేషెంటూ రేకు డబ్బాలో రాళ్ళు వేసినట్టుందని తిరిగి ఇచ్చేసిన రిసీవరు అది. చీఫ్ గారు రెండుసార్లు పారెయ్యమన్నారు కూడా.

అది పెట్టగానే ఆయన కూర్చున్నచోటే నిటారుగా అయ్యారు. టేపు పూర్తి కాకముందే వేలెత్తి చూపిస్తున్నారు. పదిలో తొమ్మిది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇంకొక్క పని మిగిలింది. మోల్డుకు సన్నని రంధ్రం చేస్తే బొంగురు శబ్దం అందులోంచి బయటికి పోతుంది. పక్క వీధిలో పళ్ళ డాక్టరు గారి దగ్గరికి పరుగున వెళ్ళి ఆయన డ్రిల్లుతో చేయించుకుని వచ్చాను. ఈసారి పదికి పది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ పదికి పది. సుశీల సిస్టర్ చప్పట్లు కొట్టింది. చివరికి తేలిన మిషను ఆయన నెలన్నర జీతానికి వచ్చింది, ఆ మేరకు డబ్బు ఆయన దాచుకునే ఉన్నారు.

సర్టిఫికెట్ మాత్రం జాగ్రత్తగా రాశాను. ఒక్కొక్కటిగా నడిపిన జిన్నులో లోపాన్ని ఈయన చెవితో పట్టగలరు. మనిషి ముఖం కనబడకపోతే మాటలు సగం కూడా అందవు. అన్ని జిన్నులూ కలిసి నడిచేటప్పుడు చెవి మిషను ఆపేసి చెవుల్లో దూది పెట్టుకోవాలి, లేకపోతే ఉన్న వినికిడి కూడా పోతుంది. షావుకారు గారు అది చదివి, ఇలాంటి సర్టిఫికెట్ ఎక్కడా చూడలేదని కబురు చేశారు. ట్రయల్ రోజున వచ్చి చూడమన్నారు.

సీజనుకు ముందు జిన్నులను ఒక్కొక్కటిగా నడిపి చూసే రోజు అది. బయటి నుంచి తెచ్చిన ఇంకొక మెకానిక్కు అప్పటికే అన్నీ చూసి పదహారూ బాగున్నాయని చెప్పాడు. గేటు బయట పత్తి లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. పొడవాటి ఇరుసు తిరుగుతుంటే ఒక జిన్నుకు బెల్టు ఎక్కిస్తారు, దేవదానం గారు విని తల ఊపుతారు, బెల్టు తప్పిస్తారు. పది అలా అయిపోయాయి. పదకొండో దాని దగ్గర ఆయన ఆగారు. జేబులోని డబ్బా మీద టోన్ స్విచ్చి అటు జరిపారు, ఇటు జరిపారు. చెయ్యెత్తి ఆపమన్నారు.

మెకానిక్కు వచ్చి బేరింగు మీద అరచెయ్యి పెట్టి చల్లగానే ఉందన్నాడు. షావుకారు గారు నా వంక చూశారు. విప్పితే పూట పోతుంది, లారీలు ఆగిపోతాయి. పోల్చి చూసుకోవడానికి టేపు లేదు గనక ఈసారి నేనూ ఏమీ తేల్చలేను. నా చెవికి అది మిగతా పదిలాగే వినిపించింది.

"విప్పించండి షావుకారు గారూ. బాగుంటే రేపట్నించి గేటు కాడ కూర్చుంటా."

విప్పారు. గ్రీజు బాగానే ఉంది. మెకానిక్కు నవ్వబోయాడు. దేవదానం గారు బేరింగును కిరసనాయిలులో కడిగి, గుడ్డతో తుడిచి, ఎండలోకి తీసుకెళ్ళి షావుకారు గారి చేతిలో పెట్టారు. లోపలి చట్రం మీద వెంట్రుకంత పగులు. వారం నడిస్తే విరిగేదని మెకానిక్కే ఒప్పుకున్నాడు. షావుకారు గారు చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పన్నెండో దానికి బెల్టు ఎక్కించమన్నారు. నేను రిక్షాలో ఆసుపత్రికి వెళ్ళేదాకా నాలో నేనే నవ్వుకుంటూ ఉన్నాను.

ఆ తర్వాత ఇరవై ఏడేళ్ళు ఈ పని చేశాను. ఆ వారమే కేసు షీటులో పేరు, వయసు కింద చేత్తో ఒక గీత గీసి "ఏం వినాలి?" అని రాశాను. ఇదేం ప్రశ్నని చీఫ్ గారు అడిగారు గాని, తర్వాతి ఏడాది అచ్చు వేయించిన షీట్లలో అది ఉంది. మంచి మిషను అంటూ ఒకటి ఉండదని, ఎవరు దేన్ని వినాలో తెలిశాకే ధర సంగతి ఎత్తాలని ఆ మేస్త్రీ దగ్గర నేర్చుకున్నాను. మా కాగితం ఏం చెప్పలేదో కూడా రాయాలని నేర్చుకున్నాను. నోటికి అట్ట అడ్డం పెట్టుకోకుండా మళ్ళీ ఒక్క మాటా చదవలేదు. మైకు ఆపేసి చీఫ్ గారి గురించి మాట్లాడేటప్పుడు కూడా ఆ అట్ట కింద పెట్టలేదు.