దీవి చూడని గైడు

నాగార్జునకొండ దీవి గురించి ఎల్లేశం చెప్పడం మొదలుపెడితే సుమోలో కూర్చున్నవాళ్లు గాలి చప్పుడు అడ్డం రాకుండా అద్దాలు ఎత్తుకుని వినేవారు. చుట్టూ నీళ్లు, మధ్యలో కొండ, కొండ మీద మ్యూజియం. లోయ మునిగిపోకముందు తవ్వి పైకి తెచ్చిన రాతి శిల్పాలు. సుమోను నిలువునా నిలబెట్టినా అందనంత ఎత్తు బుద్ధుడు. బయట చెట్ల కింద, మనిషి చేతిలోంచి బిస్కెట్లు తినే జింకలు. దారిలో మాల్ అనే ఊరి దగ్గర టీకి ఆపినప్పుడు జింకల కోసం అందరిచేతా బిస్కెట్ ప్యాకెట్లు కొనిపించేవాడు. రేవుకు తీసుకెళ్లి లాంచీ ఎక్కించి, చెయ్యి ఊపి, తిరిగొచ్చి బండిలో కూర్చునేవాడు.

ఆ దీవి మీద ఆయన ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదన్న సంగతి చాలాకాలం ఎవరికీ తెలియలేదు.

ఎల్లేశం ఇల్లు బోరబండలో. వాళ్లది బండ కొట్టే కుటుంబం. మాదాపూర్ చుట్టుపక్కల గుట్టల్లో తండ్రి సుత్తె పట్టాడు, ఎల్లేశం కూడా కొన్నాళ్లు పట్టాడు. తరువాత రాళ్ల లారీ నడిపాడు. సైబర్ టవర్స్ లేచే నాటికి ఆ పక్క క్వారీలు ఒక్కొక్కటిగా మూతబడ్డాయి. లారీ యజమాని బండి అమ్మేసుకుని వెళ్లిపోయాడు. ఎల్లేశం పాత సుమో ఒకటి కొని, ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు తిప్పడం మొదలుపెట్టాడు. వారమంతా ఉద్యోగులను ఇళ్ల నుంచి తేవడం, దింపడం. ఆదివారాలు మాత్రం వేరే పని. కొత్తగా చేరిన పిల్లలు ఊరికి కొత్త, ఒకరికొకరు కొత్త. ఏడుగురి చొప్పున వాళ్లను పొద్దున్నే ఎక్కించుకుని, సాగర్ చూపించి, వంతెన దాటించి, నల్లమల అంచున ఎత్తిపోతల కొండలు, జలపాతం చూపించి, మధ్యాహ్నం దీవికి పంపి, చీకటి పడేసరికి తెచ్చి దింపాలి. ఆఫీసువాళ్లు దీనికి టూర్ అని పేరు పెట్టారు. ఎల్లేశాన్ని గైడు అన్నారు. ఆయన కాదనలేదు.

దీవి గురించి ఆయనకు తెలిసినదంతా తిరుగు ప్రయాణంలో సంపాదించినదే. అలసిపోయి నిద్రలో పడబోయే వాళ్లను అద్దంలో చూస్తూ, "ఏం చూసిన్రు సార్, ఏం చూసిన్రు?" అని అడిగేవాడు. వాళ్లు తోచింది చెప్పేవారు. ఆ వారం విన్నదాన్ని వచ్చే వారం వినిపించేవాడు. జింకల సంగతి ఎవరో సరదాకు అని ఉంటారు. దీవి మీద జింకలు కనిపించనివాళ్లు తాము వెళ్లిన వేళ మంచిది కాదేమో అనుకుని బిస్కెట్లు తామే తినేసేవారు.

ఆయన లాంచీ ఎక్కకపోవడానికి కారణం తల్లి కొమురమ్మ.

ఎల్లేశానికి రామన్న అని ఒక అన్న ఉండేవాడు. బండ తీసేసిన గుంతలో వానాకాలం నీళ్లు నిండితే ఈతకు దిగాడు. పైకి రాలేదు. దినాలు అయిపోయిన మర్నాడు కొమురమ్మ చిన్నకొడుకును ఎదురుగా నిలబెట్టి, వాడి కుడిచెయ్యి తన నెత్తి మీద పెట్టుకుని, జన్మలో నీళ్లలో కాలు పెట్టనని, నీళ్ల మీదికి పోనని ఒట్టు వేయించుకుంది. ఇలాంటి ఒట్టు తప్పితే చచ్చేది తప్పినవాడు కాదు. ఎవరి నెత్తి మీద చెయ్యి పెట్టాడో వాళ్లు. ఒట్టు బలమంతా అక్కడే ఉంది. తన ప్రాణమైతే మనిషి ఎప్పుడో ఒకప్పుడు పందెం కాస్తాడు.

ఎల్లేశం నలభై దాటాడు. హుస్సేన్‌సాగర్‌లో పడవ కూడా ఎక్కలేదు. మొదటి టూర్‌లో సాగర్ దగ్గర కృష్ణ వంతెన దాటాక బండి పక్కకు తీసి, ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తి, బోరబండలో తమ సందు చివర కిరాణా కొట్టుకు ఫోన్ చేశాడు.

"మా అమ్మ ఏం చేస్తుందో జర చూసి చెప్పన్నా."

కొట్టతను వెళ్లి చూసి వచ్చాడు. "పక్కింటామెతో కొట్లాడుతుంది."

ఎల్లేశం ఊపిరి పీల్చుకుని బండి ఎక్కాడు. ఇంటికి వచ్చాక తల్లితో చెబితే, ఆమె ఆలోచించి వంతెన సడకే కాబట్టి లెక్కలోకి రాదని తేల్చింది. లాంచీ మాట ఆయన ఎత్తలేదు.

తొంభై తొమ్మిది చలికాలంలో ఇద్దరు కుర్రాళ్లు దీవి మీద ఫొటోలు తీసుకుంటూ కూర్చుండిపోయారు. లాంచీ వాళ్లను వదిలి వచ్చేసింది. తరువాతి లాంచీలో వాళ్లు వచ్చేదాకా మిగతావాళ్లు రేవులో పడిగాపులు కాశారు. అలా కాసినవాళ్లలో ఆకాష్ అనే అతనికి ఆ రాత్రి ఆఫీసులో వై టు కె పని ఉంది. వేళకు చేరలేకపోయాడు. సోమవారం ఎల్లేశానికి పిలుపు వచ్చింది.

పిలిచింది భార్గవి. అనంతపురం అమ్మాయి. ఆఫీసులో బండ్లు, క్యాంటీన్, టూర్లు ఆమె చూసేది.

"ఎల్లేశమన్నా, పిల్లోల్లు దీవి మీద ఉండిపోతే నువ్వేం చేస్తాండావు?"

"బండి కాడ ఉన్న మేడమ్."

"నువ్వు బండికి గైడువా, మనుషులకా?"

ఎల్లేశం బండి తాళాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"సరే, ఆ పొద్దు పోలేదు. మామూలుగా పోతావు కదా?"

"ఎప్పుడూ పోలే మేడమ్."

"ఎప్పుడూ అంటే?"

"ఒక్కపారి గూడ పోలే."

భార్గవి కుర్చీలో వెనక్కి వాలింది. మొదటి టూర్లలో ఒకదానికి ఆమె కూడా వెళ్లింది. "మరి జింకలన్నావే! నేను రెండు ప్యాకెట్లు కొంటినే!"

"గట్లనే చెప్పిన్రు మేడమ్."

"ఎవరు?"

"పోయొచ్చినోల్లు."

ఆమెకు నవ్వు వచ్చింది. కానీ పని పనే. వచ్చే ఆదివారం కొత్త బ్యాచ్ వెళ్తుందనీ, వాళ్లతో పాటు లాంచీ ఎక్కి వాళ్లతో పాటే దిగితేనే టూర్ ఆయనదనీ చెప్పింది. "కాదంటే అమీర్‌పేటలో ట్రావెల్స్ వాళ్లు అడుగుతాండారు. వాళ్లకిస్తే వారంలో తిప్పే బండ్లు కూడా వాళ్లవే పెడతారు. నా పైన కూడా మనుషులు ఉన్నారన్నా. ఏమనుకోవద్దు."

తల్లి నెత్తి మీద ఒట్టు ఉందని ఆ ఏసీ గదిలో చెప్పడానికి ఎల్లేశానికి నోరు రాలేదు. కిందికి వచ్చి సుమో అద్దాలు తుడిచాడు. అప్పటికే తుడిచి ఉన్నాయి.

ఆయన భార్య భూలక్ష్మి దగ్గర మాట దాగదు. మర్నాడు పొద్దున ఎల్లేశం తల్లి ముందు కూర్చునేసరికే కొమురమ్మకు అంతా తెలుసు. ఆమె చింతపండులో గింజలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"ఒట్టు ముచ్చటైతే చెప్పకు."

"అమ్మా, జర ఇను..."

పొయ్యి దగ్గర నుంచి భూలక్ష్మి అందుకుంది. "అప్పుడు ఏమన్నడు అత్తమ్మా? నీళ్లల్ల కాలు పెట్టనన్నడు. లాంచీ అంటే ఇనుము, చెక్క. కాలు దాంట్ల పెడ్తడు. నీళ్లల్ల పెడ్తడా?"

"ఒట్టంటే కచేరి కాయిదమానే, సందులు ఎతుకనీకి?"

"బిరిడ్జికి మీరే సందు చెప్తిరి గదా."

"బిరిడ్జి సడక్. లాంచీ సడకా? నువ్వే చెప్పు."

భూలక్ష్మి కూర వైపు తిరిగింది.

"ఒట్టు తీసెయ్యరాదమ్మా" అన్నాడు ఎల్లేశం.

"తీస్తే పోనీకి అదేమన్న గోడకు కొట్టిన మొలనా? ఏసేటప్పుడు నేను ఒక్కదాన్నే ఎయ్యలే. వాడు పోయినంక, వాన్ని తల్సుకొని ఏసిన." వాడు అంటే రామన్న. ఆ ఇంట్లో ఆ పేరు ఎత్తరు.

"అయితే బండి అమ్మేస్త. కూలికి పోత."

"బెదిరిస్తున్నవా?"

"లే. చెప్తున్న."

కొమురమ్మ గింజలన్నీ ఒక పక్కకు తోసింది. తరువాత, ధర మాట్లాడుతున్న మనిషిలా అడిగింది.

"నువ్వు నీళ్ల మీదికి పోతే సచ్చేది ఎవరు?"

"నువ్వే."

"నేనే గదా. నేను ఈడ సస్తే నీకు ఎట్ల తెలుస్తది? మల్ల గా బూత్ కాడికి ఉరుకాలె. ఆ కిరాణాయన ఎంతని వచ్చి చూస్తడు? నేను గూడ వస్త. సస్తే నీ ముంగటనే సస్త. బతికితే దీవి చూస్త."

ఎల్లేశం భార్య వైపు చూశాడు. భూలక్ష్మి నవ్వు ఆపుకుంటూ అంది: "జింకలకు బిస్కెట్లు కొనియ్యి మీ అమ్మకు."

ఆదివారం కొమురమ్మ ఉతికిన చీర కట్టుకుని, సద్దిమూట పట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. వెనక ఏడుగురు సర్దుకున్నారు. నిజాంపేట హాస్టల్ నుంచి ఎక్కిన ప్రశాంతి అనే అమ్మాయి, ఈమె ఎవరని అడిగింది. "మా అమ్మ మేడమ్, మనతోనే వస్తది" అన్నాడు ఎల్లేశం. అంతకుమించి చెప్పలేదు. ఆ పొద్దు దీవి కథ కూడా చెప్పలేదు. అయినా మాల్‌లో ఏడుగురూ దిగి బిస్కెట్లు కొన్నారు. ముందు బ్యాచ్ వాళ్లు చెప్పి పంపారు. ప్రశాంతి ఒక ప్యాకెట్ కొమురమ్మ ఒళ్లో పెట్టింది.

ఎత్తిపోతల దగ్గర అందరూ దిగి జలపాతం చూసి వచ్చారు. కొమురమ్మ దిగలేదు. సద్దిమూట కూడా విప్పలేదు. రేవులో మాత్రం ఎవరూ చెప్పకుండానే దిగి, చివరిదాకా నడిచి నిలబడింది. అవతలి కొండలు నీలంగా, చిన్నగా ఉన్నాయి. అక్కడిదాకా నీళ్లే.

"గిన్ని నీళ్లా?" అంది. "వాడు పోయిన గుంత మన వాకిలంత లేదు" అంది.

ఎల్లేశం, "పోదాం పా అమ్మా, వద్దు. ఇంటికి పోదాం" అన్నాడు.

"బండి అమ్ముతవా?"

ఆయన జవాబు చెప్పేలోపే లాంచీ మనిషి మునిస్వామి చెయ్యి అందించాడు. "రావమ్మా పెద్దమ్మా, నడుమ కూర్చో. అంచున కూర్చోవద్దు." కొమురమ్మ ఎక్కింది. బల్ల మీద కూర్చుని, కొడుకును పక్కకు లాగి, అతని కుడిచెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకుంది.

ఇంజను మోగింది. రేవు వెనక్కి జరిగింది.

"ఎండగా ఉందా అవ్వా? నా టోపీ ఇయ్యాలా?" అంది ప్రశాంతి.

"టోపీ గాదు బిడ్డా. ఒట్టు."

ప్రశాంతికి అర్థం కాలేదు. ఎల్లేశం నాలుగు ముక్కల్లో చెప్పాడు. విన్నవాళ్లలో ఒకతను నవ్వబోయి, ఎల్లేశం ముఖం చూసి ఆగాడు. తల్లి నీళ్లను చూస్తూ కూర్చుంది. కొడుకు తల్లిని చూస్తూ కూర్చున్నాడు. నడుమ ఒకచోట గాలికి లాంచీ ఊగింది. ఆమె కళ్లు మూసుకుంది.

"అమ్మా! అమ్మా!"

"అరవకురా. ఒడ్డు రానీ."

ఒడ్డు వచ్చింది. కొమురమ్మ దిగి, నేల మీద రెండుసార్లు కాలు తన్ని చూసుకుంది. చెయ్యి అప్పుడు వదిలింది.

ఎల్లేశం మ్యూజియం చూశాడు. బుద్ధుడి ముందు చాలాసేపు నిలబడ్డాడు. సుమో పొడవును మనసులోనే కొలుచుకున్నట్టున్నాడు. బయటికి వచ్చేసరికి తల్లి చెట్టు కింద సద్దిమూట విప్పి తింటోంది. పక్కన బిస్కెట్ ప్యాకెట్ విప్పకుండా ఉంది.

"ఏవిరా జింకలు?"

ఎల్లేశం అటూ ఇటూ చూశాడు. కొమురమ్మ అక్కడున్న కాపలా మనిషిని పిలిచి అడిగింది. అతను నవ్వి, "జింకలు ఉన్నాయని ఎవరు చెప్పారమ్మా?" అన్నాడు.

"వీడే" అని కొడుకును చూపించింది.

లాంచీ కూత వినిపించకముందే ఏడుగురూ రేవులో ఉన్నారు. ఎల్లేశం వాళ్లను ముందు ఎక్కించి తరువాత తల్లితో ఎక్కాడు. మళ్లీ చెయ్యి, మళ్లీ నెత్తి.

బండిలో తిరిగి వస్తుంటే మాల్ దాటాక అడిగాడు. "ఇగ ఒట్టు తీరినట్టేనా అమ్మా?"

"ఎట్ల తీరుతది? నేను పక్కన ఉంటిని గదా. నేను లేనప్పుడు పోయినవనుకో, అప్పుడు సూడు."

"మరి వచ్చే ఆదివారం?"

"పొద్దుగాల ఎన్నింటికి బయలెల్లాలె?"

ఈ సంగతి భార్గవికి ముందుగా చెప్పింది ప్రశాంతి. భార్గవి ఎల్లేశాన్ని పిలిచి రెండు మూడు ప్రశ్నలు వేసింది. ఏడుగురూ సరిగ్గా తిరిగొచ్చారని తేల్చుకుని, టూర్ ఆయనకే ఉంచింది. "ముందర సీటు మీ అమ్మకే పెట్టన్నా. ఆరుగురిని పంపమన్నా పంపుతాను" అంది. ఎల్లేశం అక్కర్లేదన్నాడు. ముందు సీటు ఎప్పుడూ ఖాళీదే, అందులో ఆయన వాటర్ క్యాన్ పెట్టుకునేవాడు. క్యాన్ బండి పైకెక్కింది.

ఆ తరువాత ఆదివారాల్లో కొమురమ్మ లేకుండా సుమో సాగర్‌కు వెళ్లలేదు. జ్వరం వచ్చిన వారం టూరే వాయిదా పడింది. ఎల్లేశం దీవి గురించి చెప్పడం బాగా తగ్గిపోయింది. కళ్లతో చూశాక చెప్పడానికి ఆయన దగ్గర ఎక్కువ మిగల్లేదు. మ్యూజియం ఉంది, విగ్రహాలు ఉన్నాయి, చూడండి అనేవాడు. మాల్ దగ్గర మాత్రం కొత్తవాళ్లు ఇంకా బిస్కెట్లు కొంటూనే ఉన్నారు. "జింకలు లెవ్వు. మీరే తినుండ్రి" అని కొమురమ్మ చెప్పేది. తన వంతు ప్యాకెట్ అడిగి తీసుకునేది.

సంక్రాంతి దాటాక ఒక టూర్‌లో, లాంచీ నడి నీళ్లలో ఉండగా ఆమె తల పక్కకు వాలింది. ఎల్లేశం వంగి ముక్కు దగ్గర చెవి పెట్టాడు. చిన్నగా గురక వినిపించింది.

మునిస్వామి అది చూసి నవ్వాడు. "నిద్రపోతోంది. ఇక చెయ్యి తియ్యి, నొప్పి పుట్టడం లేదా?"

కొమురమ్మ కళ్లు తెరవకుండానే, "ఒడ్డు రాలే" అంది.