తిత్తి పాటకు నాటేసిన సాయవ్వ

ప్రపంచంలోని పాటలన్నీ బాన్సువాడ పక్కన సాయవ్వ మడిలోనే పుట్టాయి. మిగతా దేశాలవాళ్లు గట్టు మీద నిలబడి విని, ఎత్తుకుపోయి, వాటికి బాకాలూ ఫిడేళ్లూ తగిలించుకున్నారు. ఈ మాట సాయవ్వ అనలేదు. ఆమె మనవరాలు సంగీత అంటుంది. ఇంటర్ సగంలో వదిలేసిన పిల్ల కాబట్టి రుజువులు అడగకూడదు.

నిజానికి మూడేళ్లుగా సాయవ్వ నోట పాటే లేదు. అంతకు ముందు నలభై ఏళ్లు నాట్ల గుంపుకు పాట ఎత్తింది ఆమే. నాటుపాట ఒక్కరిది కాదు. ఒకరు ఎత్తుతారు, వాళ్లు ఆగిన చోట మిగతావాళ్లు అందుకుంటారు. సాయవ్వ ఎత్తితే అందరికంటే ముందు అందుకునే గొంతు సత్యమ్మది. ఆ సత్యమ్మ పోయింది. మరుసటి వానాకాలమే ఊళ్లోకి నాటు మిషన్ వచ్చి గుంపు కూడా చెదిరింది. అందుకునేవాళ్లు లేకుండా పాడటమంటే గోడతో మాట్లాడటమేనని సాయవ్వ లెక్క. అలా నోరు కట్టేసుకునేసరికి చరణాలు ఒక్కొక్కటే జారిపోవడం మొదలైంది. పొద్దున్నే పళ్లు తోముకుంటూ మనసులో పాట ఎత్తుకుంటుంది, మూడో చరణం దగ్గర దారి తప్పుతుంది. ఆ భయం ఎవరికీ చెప్పదు. చెప్పకపోయినా, నోట్లో వేపపుల్ల ఆగిపోతుంది గనుక ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది.

మిషన్ ఎంత గొప్పదైనా మడి మూలల్లో తిరగలేదు. అక్కడ చేత్తోనే నాటాలి. ఆ రోజు సాయవ్వ చీర ఎగ్గట్టి మూలలో వంగింది. నారు కట్టలు అందించాల్సిన సంగీత గట్టు మీద కూర్చుని ఫోన్ చూస్తోంది.

“నాయినమ్మా, గిది ఇను. స్పెయిన్ దేశంల గలీసియా అని ఒక మూల ఉన్నదట. ఆడ ముసలమ్మల పాటలను గిప్పటి పిలగాండ్లు కొత్తగ వాయిస్తుండ్రు. ఐర్లాండోళ్లు గూడ కలిసిండ్రు.”

“మనం గూడ మూలనే ఉన్నం. పెట్టు.”

మొదట ఒక ముసలి గొంతు ఒంటరిగా వచ్చింది. ఏం భాషో తెలియదు. ఒక ముక్క పాడి ఆగింది, ఊపిరి తీసుకుంది, మళ్లీ పాడింది.

“ఇది నిలబడి పాడుతలేదే. వంగి పాడుతుంది,” అంది సాయవ్వ తల ఎత్తకుండానే.

“నీకెట్ల ఎరుక?”

“ఆ ఊపిరి ఇను. నడుం మడత పడ్డ ఊపిరి.”

ఆ గొంతు వెంట సాయవ్వ చేయి నడిచింది. పాడినప్పుడు ఒక కుదురు, ఆగినప్పుడు ఒక అడుగు వెనక్కి. కొలిచినట్టు సరిపోయింది. అంతలో తోలుసంచిలో గాలి నింపి ఊదే వాద్యమొకటి గుయ్యిమంది.

“ఏందే అది? కమ్మరోళ్ల కొలిమితిత్తికి పిల్లనగోయి కట్టిండ్రా?”

సంగీత జవాబు చెప్పేలోపే ఫిడేళ్లు, కంజీరలు వచ్చిపడి పాట రెండింతలు ఉరికింది. పాటను బట్టి నాటే చేయి కదా, అదీ ఉరికింది. అర నిమిషం తిరక్కుండానే సాయవ్వ నాటిన ఆరు కుదుళ్లు ఆమె కళ్ల ముందే నీళ్లలో తేలాయి.

“బంద్ చెయ్! గీళ్ల దూకుడుకు నారంత తేలుతుంది. ఒక్కడన్న బురదల కాలు పెట్టిండా?”

“ఆళ్లు నాటేస్తలేరు నాయినమ్మా, ఎగురుతుండ్రు!” సంగీత నవ్వీ నవ్వీ గట్టు మీదినుంచి జారబోయింది.

“ఎగరనీ. ముసల్దాన్ని ఎందుకు ఉరికిస్తుండ్రు?”

సణుగుతూనే ఆరు కుదుళ్లనూ లోతుగా పాతింది. తర్వాత నడుం మీద చేయి వేసి నిలబడింది.

“ఆ ముసల్ది ఆగిన కాడ మళ్ల పెట్టు.”

ఈసారి వినిపించింది. ఫిడేళ్లు మొదలయ్యాక ముసలి గొంతు ఆగిన ప్రతిచోటా నలుగురైదుగురు పడుచుగొంతులు అవే మాటలు అందుకుంటున్నాయి. ఇందాక నారు తేలిన గొడవలో సాయవ్వ దాన్ని గమనించలేదు.

“అందుకుంటుండ్రు,” అంది మెల్లగా. “ముసల్దానికి అందుకునేటోళ్లు దొరికిండ్రు. ఎగిరితే ఎగిరిండ్రు తీ.”

ఫోన్ ఆపమంది. చేతిలోకి నారు తీసుకుని వంగింది. ఎవరూ అడగకుండానే ఎత్తుకుంది.

“కాలువ నీళ్లొచ్చె ఓ వదినా, కాళ్లకు సల్లంగ ఓ వదినా...”

ఒక కుదురు, ఒక అడుగు. మొదటి చరణం దాటింది. రెండోదీ దాటింది. మూడో చరణం దగ్గర చేయి ఆగలేదు, చేయితో పాటు మాటా ఆగలేదు. వేపపుల్ల దగ్గర దొరకని చరణం బురదలో దొరికింది. అది ముగించి, అలవాటు కొద్దీ ఆగింది. కాలువ నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

“ఆగకు నాయినమ్మా, రికార్డయితుంది!” గట్టు మీద సంగీత ఫోన్ ఎత్తి పట్టుకుని ఉంది. “గలీసియోళ్లకు పంపుత. నీ పాటకు తిత్తి కట్టి ప్రపంచమంత తిప్పుతరు.”

సాయవ్వ వంగిన నడుం ఎత్తకుండానే మనవరాలి వైపు తల తిప్పింది.

“ఆళ్లు తర్వాత అందుకుంటరు. ముందుగాల నువ్వు అందుకో. ఫోన్ గట్టు మీద పెట్టి మడిల దిగు, పోరి.”